కుండ కింది చక్రం

వెలిమెల,
12-2-1994

చిన్నాయన గారికి,

కౌసల్య దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. బాగున్నామంటే, బాపు గడ్డివాము మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, అదొక్కటి తప్ప. పటాన్‌చెరు దవాఖానాలో కట్టు కట్టారు. కాలు కింద పెట్టొద్దన్నారు. బాపు కాలు పెట్టడం లేదు కానీ నోరు ఆపడం లేదు. మంచంలో నుంచే బర్లకు మేత వేయిస్తున్నాడు, అమ్మతో కొట్లాడుతున్నాడు, దారిన పోయేవాళ్లకు ఎవరి పొలంలో ఏ మందు కొట్టాలో చెబుతున్నాడు.

వాడకట్టు పాలన్నీ బాపు సైకిల్ మీద మోసేవాడు కదా. ఇప్పుడు మీ రాజ్‌దూత్ మోటార్ సైకిల్ మీద పోతున్నాయి. మీరు పని కోసం సౌదీ దమ్మాం పోయేటప్పుడు, "వారానికోసారి స్టార్ట్ చేయుండ్రి, ఎవ్వరు ఎక్కొద్దు" అని చెప్పారు. మొదటి మాట పాటిస్తున్నాం. ఎవరు నడుపుతున్నారని అడుగుతారేమో. జాగ్రత్త గలవాళ్లే నడుపుతున్నారు.

కష్టమల్లా వాగు మిట్ట దగ్గర. నాలుగు క్యాన్లు కట్టుకొని ఎక్కుతుంటే సగంలో బండి నిలబడిపోతుంది. క్లచ్ కాలిన వాసన వస్తుంది. దిగి తోయాలి. పాల కేంద్రం ఏడింటికి మూస్తారు. ఆలస్యమైన రోజు పాలు వాపసు వస్తాయి. ఆ రోజు వాడకట్టంతా పెరుగే. మొదటిసారి సంతోషంగానే తిన్నారు. ఇప్పుడు మా ఇంటి గిన్నె కనిపిస్తే తలుపు దగ్గరగా వేస్తున్నారు.

బాపు ఏమంటున్నాడంటే, "ఇంకిట్లనే అయితే బర్లను సంతకు తోలుత. పాలే లేకుంటే నీకు పటాన్‌చెరుల ఏం పని? ఇంట్ల కూసో." నా ఐటీఐ పాల కేంద్రం వెనక సందులోనే ఉంది. ఫిట్టర్ ట్రేడులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. బండి మిట్ట ఎక్కితేనే నా చదువు సాగుతుంది. అందుకే రాస్తున్నాను.

మీరు స్పీడు కోసం వెనక చక్రానికి ఉన్న పెద్ద పళ్ల చక్రం తీసేసి చిన్నది వేయించారు. చిన్న దాని మీద చైను తిరిగితే వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. పెద్దది వేస్తే వేగం తగ్గి బలం పెరుగుతుంది. ఇది మా క్లాసులో బొమ్మ వేసి మరీ చెప్పారు. పెద్దది మళ్లీ వేయించమంటారా? వెంటనే జవాబు రాయగలరు.

మీ బిడ్డ,
కౌసల్య

దమ్మాం,
4-3-1994

బిడ్డ కౌసల్యకు నర్సింహ చిన్నాయన ఆశీర్వాదం.

(చేతిరాత నాది. నా పేరు ఓదెలు, పెద్దపల్లి దిక్కు. మీ చిన్నాయనకు సంతకం దాకనే వస్తది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్త. నా మాట ఏమన్న ఉంటే గిట్ల బ్రాకెట్ల పెడ్త.)

ఎన్నడు లేంది గీ "గారు" ఏంది, గీ "మీరు" ఏంది? ఓదెలు సదువుతుంటే రేడియోల వార్తలు విన్నట్టున్నది. నన్ను నువ్వు అనే అను.

అన్నకు కాలు పైలం అని చెప్పు. గడ్డివాము ఎక్కే వయసా అది? ఇగ బండి ముచ్చట. చక్రం ముట్టొద్దు. ముట్టొద్దంటే ముట్టొద్దు. ఆ చిన్న చక్రం ఏసినంకనే గదా ముత్తంగి కాడ సంగారెడ్డి బస్సును దాటేసింది! పెద్దరాములు డ్రైవర్ కిటికిలకెల్లి తల బయటవెట్టి సూసిండు. బస్సుల ఉన్నోళ్లందరు సూసిండ్రు. ఈడ క్యాంపుల నన్ను బస్సు నర్సింహ అంటరు. (అంటం. ఆయనే అనుమన్నడు.) పెద్ద చక్రం ఏస్తే అది ఎద్దుల బండి అయితది. రేపు నేనొచ్చి దేని మీద తిరగాలె? నా ఇజ్జత్ ఏం గావాలె?

నాలుగు క్యాన్లు ఒక్కపారి ఎందుకు? రెండు రెండు ఏస్కొని రెండు మాట్ల పోండ్రి. చైనుకు గ్రీజు దండిగ పెట్టుండ్రి.

మా అన్నకు సైకిల్ తప్ప రాదు, ఆయన కాలే ఇరిగింది. మరి నా బండి నడిపేదెవడు? గంత పెద్ద జాబు రాసి గా ఒక్క పేరు రాయకపోతివి.

నీ చిన్నాయన,
నర్సింహ

(నేను ఊర్ల ట్రాక్టర్ నడిపిన. నీ లెక్క కరెక్టే చెల్లె. గీ ముక్క ఆయనకు సదివి వినిపియ్యలె. గ్రీజు మాత్రం పెట్టకు, దుమ్ము పట్టి చైనును తింటది. పల్చటి నూనె చాలు.)

వెలిమెల,
14-3-1994

చిన్నాయన గారికి,

కౌసల్య దండాలు. నేను ఉత్తరం వేసి నెల దాటింది, మీ నుంచి జవాబు లేదు. మీకు కోపం వస్తే ఆగరని నాకు తెలుసు. జవాబు రాలేదంటే కోపం రాలేదు, కోపం రాలేదంటే ఒప్పుకున్నట్టే అనుకొని పని మొదలుపెట్టాను.

ముందు పెద్ద చక్రం దొరకలేదు. కొట్టంలో వెతికాను, అటక మీద వెతికాను, ఎరువు కుప్ప దాకా వెతికాను. చివరికి దాహమై నీళ్లు ముంచుకుంటుంటే కనిపించింది. అమ్మ మంచినీళ్ల కుండ కింద ఉంది. నడిమి రంధ్రంలో కుండ అడుగు కుదురుకొని కూర్చుంది.

"అమ్మా, అది బండిది," అన్నాను.

"నాలుగేండ్ల సంది కుండ కిందున్నది. ఇంక బండిదెట్లయితది?"

"చిన్నాయన బండిదే. దాన్ని వేస్తేనే మిట్ట ఎక్కుతుంది."

"మరి కుండ ఏడ పెట్టాలె, నీ నెత్తి మీదనా? మీ చిన్నాయన బస్సులు దాటుడు కోసం తీసి పారేస్తే నేను తెచ్చి కుదురు చేసుకున్న. అక్కెరకొస్తుందని ఇప్పుడు మళ్ల కావాల్నా?"

బాపు మంచంలో నుంచి, "ఇచ్చెయ్యి, లేకుంటే రేపు మళ్ల పెరుగే," అన్నాడు. పెరుగు మాట వినగానే అమ్మ కుండ దించింది. బదులుగా చిన్న చక్రం తనకే ఇవ్వాలని మాట తీసుకుంది. తుప్పు పట్టింది కానీ పళ్లు అరగలేదు. ఐటీఐకి తీసుకుపోయి వైర్ బ్రష్‌తో రుద్ది శుభ్రం చేశాను.

పటాన్‌చెరులో యాదన్న షాపులో బిగించాం. చక్రం పెద్దదయ్యేసరికి చైను పొట్టిదైంది. "దాందేముంది, నాలుగు లింకులు జోడిస్త," అని యాదన్న షాపులో పడి ఉన్న ఇంకో చైను నుంచి లింకులు తీసి అతికించాడు. నాకూ బాగానే తోచింది.

ఇప్పుడు బండి మిట్ట ఎక్కుతోంది. చీమలా ఎక్కుతుంది, కానీ ఆగదు. సాఫు రోడ్డు మీద మాత్రం అందరూ మమ్మల్ని దాటిపోతున్నారు. పెద్దరాములు ఇప్పుడు మన పల్లె బస్సు మీదున్నాడు. రోజూ మమ్మల్ని దాటుతూ హారన్ కొట్టి చెయ్యి ఊపుతాడు. చాలా మర్యాదస్తుడు.

మీ బిడ్డ,
కౌసల్య

దమ్మాం,
5-4-1994

కౌసల్యకు,

(ఆశీర్వాదం చెప్పలే. మరిచిపోయిండనుకొని నేను రాస్తున్న: ఆశీర్వాదం.)

పెద్దరాములు చెయ్యి ఊపుతడా? వాడు మర్యాద చేస్తలేడు బిడ్డా! నాలుగేండ్ల సంది కడుపుల పెట్టుకున్న కసి తీర్చుకుంటుండు! నా బండిని దాటుతుండు! హారన్ గొట్టి మరీ దాటుతుండు! ముట్టొద్దన్న చక్రాన్ని ముట్టినవు. నేను రాసిన జాబు ఏ సముద్రంల పడ్డది? (వద్దన్న జాబు, ఏసిన జాబు దారిల ఎదురుబొదురైనట్టున్నయ్.)

ఇంకో ముచ్చట. మన ఊరి కొమురయ్య మొన్ననే ఈడికి కొత్తగ వచ్చిండు. నా బండి మీద ఎవడో సన్నటి పోరడు తిరుగుతుండట. తలకు తువ్వాల, పొడుగు చేతుల అంగి, నాలుగు క్యాన్లు. ఎవ్వరితోని మాట్లాడడట. పాలు పోసి సక్కగ నీ ఐటీఐ కాడ ఆగుతడట.

నేనేమన్న తెలివిలేనోన్నా? నీకు పెండ్లి కుదిరింది. సొంత చిన్నాయనకు ఒక్క మాట రాయకుండ, నా బండి తీస్కపోయి అల్లుని చేతుల పెట్టిండ్రు. వానికి బండి నడపరాదు, అందుకే మిట్ట కాడ ఆగుతుంది. ఆ సన్నాసి తప్పును చక్రం మీద పెడ్తున్నరు. (తిట్టుకుంటనే బజారుకు పోయి అల్లునికని చేతి గడియారం కొనుక్కొచ్చిండు. మంచి గడియారం.)

ఈ జాబు అందంగనే బండిని కొట్టంల పెట్టి తాళమెయ్యుండ్రి. నేనొచ్చేదాక తియ్యొద్దు. ఇది అన్నకు సదివి వినిపియ్యి.

నర్సింహ

వెలిమెల,
24-4-1994

చిన్నాయనా,

నీ మొదటి జాబు ఏడ ఆగిందో, రెండు ఒక్క వారంలనే అందినయ్. రేడియో లెక్క ఉందన్నవు గదా, ఇయ్యాల ఇంట్ల మాట్లాడినట్టే రాస్త. నువ్వు అనే అంట.

మన ఇంట్ల సదవొచ్చింది నా ఒక్కదానికే. తాళమెయ్యమన్న ముక్క వదిలేసి సదివినా అడిగేటోడు లేడు. నేను వదల్లే. అంత సదివి వినిపించిన. బాపు విని, "బండి వానిది, వాని మాట వానిది," అన్నడు. నేనే తాళం ఏసి చెవి బాపు చేతిల పెట్టిన. ఇప్పుడు సగం పాలే సైకిల్ మీద పోతున్నయ్, పక్కింటాయన పోసొస్తుండు. బర్లను వచ్చే నెలాఖరుకు సంగారెడ్డి సంతకు తోలుతా అంటుండు బాపు. మొదటి ట్రిప్పు ఫ్యాక్టరీ వాళ్లతోని నిండి ఉంటది, నేను పెద్దరాములు రెండో ట్రిప్పు బస్సుల పోతున్న. అది పోయేసరికి హాజరు పిలుసుడు అయిపోతుంది. ఇట్లనే వస్తే పరీక్షకు కూసోనియ్యం అని సార్ చెప్పిండు. బస్సుల నిన్న పెద్దరాములు అద్దంలకెల్లి సూసి, "రోజు పాలు తెచ్చే పోరడు కనవడ్తలేడు, జరమొచ్చిందా?" అని అడిగిండు. నేనేం చెప్పాలె?

ఆ పోరన్ని నేనే చిన్నాయనా. బాపు అంగి ఏసుకొని తువ్వాల చుట్టుకుంటున్న, దారిల ఎవ్వరు అడ్డం రాకుండ. పెండ్లి లేదు, అల్లుడు లేడు. మిట్ట కాడ ఆగుతుండని తిట్టినవే, ఆ సన్నాసిని నేనే. నాలుగు క్యాన్లతోని ఆగిన బండిని ఒక్కదాన్ని మీదికి తోసేదాన్ని. నువ్వొక్కనాడన్న ఒక్క క్యాను కట్టుకొని మిట్ట ఎక్కినవా?

నా తప్పు కూడ రాస్త. నీ మొదటి జాబు అందే ముందురోజు చైను తెగింది. సరిగ్గ మిట్ట మీద. పాలు వాగుల కలిసినయ్, ఇంటింటికి పోయి తప్పయిందని చెప్పుకున్న. తెగిన చైను ఐటీఐకి తీస్కపోయి కొలిస్తే సమజైంది. మన చైను పాతది, సాగింది. జోడిచ్చిన లింకులు సాగలే. ఇంజను కాడ ఉండే ముందటి చక్రం పండ్లేమో అరిగి కొడవలి మొన లెక్క వంగినయ్. ఆ నాలుగు లింకులు వచ్చినప్పుడల్ల చైను పండ్ల మీదికెల్లి ఎగిరి పడుతుండె. నేనేమో టకటక సప్పుడు విని పాల క్యాన్లనుకున్న. వెనక చక్రం, ముందటి చక్రం, చైను, మూడు ఒక్కసారే మారాలె. ఒకటి కొత్తది రెండు పాతవైతే, ఆ రెండు కలిసి కొత్తదాన్ని తింటయ్.

నా స్టైపెండుతోని కొత్త చైను, ముందటి చక్రం తెచ్చిన. సంచిల కట్టి నీ బండి పక్కన మొలకు తగిలిచ్చిన. బిగిచ్చుడే తరువాయి, తాళం నీది.

గడియారం అల్లునికని కొన్నవట. ఇయ్యబుద్ధయితే నాకే పంపు. పాల కేంద్రం ఏడింటికి మూస్తరు.

కౌసల్య

దమ్మాం,
11-5-1994

బిడ్డ కౌసల్యకు చిన్నాయన ఆశీర్వాదం.

తాళం తియ్యి.

ఈ ముక్క అన్నకు రెండు మాట్ల సదివి వినిపియ్యి. బర్లను ఎక్కడికి తోలొద్దని చెప్పు. బండి నాది, నా మాట నాది అన్నడు గదా, ఇది కూడ నా మాటనే.

(నీ జాబు సదివినంక మళ్ల సదువుమన్నడు. మళ్ల సదివిన. "ఒక్క క్యాను కట్టుకొని" అన్న కాడ ఆపి, "అది ఇంకోపారి" అన్నడు. తర్వాత బయటికి పోయి కొమురయ్యను తిట్టిండు, ఆడివిల్లకు మొగపోరనికి తేడ తెల్వదా అని.)

ఆ బండి కిక్కు నాకే ఒక్కపారికి పడదు. నువ్వెట్ల కొడుతున్నవే? కాలుకు దెబ్బ తగులుతలేదా? క్యాన్లు ముందే కట్టి ఎక్కుతవా, ఎక్కినంక కడ్తరా? బండి ఒరిగితే పట్టుకోకు, వదిలెయ్యి. పాలు పోతే పోనీ.

ఖాళీ బండి మీద బస్సును దాటి నేను బస్సు నర్సింహనైన. నిన్నేమనాలె? (నీకు ఏం పేరు పెట్టాలెనని క్యాంపుల లడాయి నడుస్తుంది. ఇంకా ఎటూ తేలలే.)

గడియారం ఊరికి పోయేటోని చేతికి ఇచ్చి పంపుతున్న. పట్టా పెద్దగైతే ఒక రంధ్రం పొడుసుకో. చక్రం నీకు ఏది తోస్తే అది ఏసుకో. పెద్దరాములు చెయ్యి ఊపితే నువ్వు ఊపకు.

నీ చిన్నాయన,
నర్సింహ

వెలిమెల,
22-6-1994

చిన్నాయనా,

దండాలు. గడియారం అందింది. రంధ్రం ఐటీఐలో నేనే పొడిచాను. నీ జాబు బాపుకు రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివాను. మూడోసారి ఆయనే అడిగాడు. తర్వాత దిండు కింద నుంచి తాళంచెవి తీసి, "నేను మాత్రం వెయ్యమన్ననా?" అన్నాడు.

మూడూ కొత్తగా బిగించాను. వెనక చక్రం అమ్మ కుండ కిందిదే, దాని పళ్లు నిండుగా ఉన్నాయి కాబట్టి అదీ కొత్త దాని కిందే లెక్క. ముందు చక్రానికి బేసి పళ్లున్నది తెచ్చాను. చైనులో లింకులు సరి సంఖ్యలో ఉంటాయి. ముందు చక్రం పళ్లు బేసి అయితే ఒకే పన్ను మీద రోజూ అదే లింకు పడదు, అరుగుడు అన్నింటికీ పంచుకుపోతుంది. ఈ మాట చెబితే అమ్మ, "చైనుకున్న న్యాయం ఈ ఇంట్ల పనికి లేకపాయె," అని గిన్నెలు బాపు మంచం దగ్గర పెట్టింది. బాపు ఇప్పుడు కూర్చొని గిన్నెలు తుడుస్తున్నాడు.

ఇక అసలు ముచ్చట. మొన్న వాన పడి తెల్లవారిన రోజు మిట్ట దగ్గరికి పోయేసరికి పల్లె బస్సు ముందుంది. మొదటి షిఫ్టుకు పోయే ఫ్యాక్టరీ వాళ్లతో మెట్ల దాకా నిండింది. పొగ కక్కుతూ, ఆయాసపడుతూ ఎక్కుతోంది. నేను రెండో గేరులో దాని వెనక ఉన్నాను. వెనకే పోదామనుకున్నాను కానీ పొగకు పాల క్యాన్ల మూతలు నల్లబడుతున్నాయి. ఎదురుగా ఎవరూ రావడం లేదు. హారన్ కొట్టి పక్కకు తీశాను.

చిన్నాయనా, నువ్వు ముత్తంగి దగ్గర ఒక్క ఊపులో దాటి ఉంటావు. నేను ఒక్కో కిటికీ దాటాను. కిటికీకి ఒకరిని పలకరించేంత సమయం దొరికింది. మన వాడకట్టు రాజవ్వ మూడో కిటికీలో ఉంది. "పిల్లా, క్యాన్ల కట్టు వదులైంది సూస్కో," అంది. ఆ మాటతో పోరడు కాదు పిల్ల అని బస్సంతా తెలిసిపోయింది. ఈలలు వేశారు. ఎవరో టికెట్ డబ్బులు వాపసు ఇయ్యమని కండక్టరును అడిగారు. చివరికి పెద్దరాములు కిటికీ వచ్చింది. తల బయటపెట్టి చూశాడు.

"ఎవరి పిల్లవు?"

"బస్సు నర్సింహ అన్న బిడ్డను."

"మీ ఇంటోళ్లకు బస్సు కనవడితే పడదా?" అన్నాడు.

మిట్ట దిగాక సాఫు రోడ్డులో ఆయనే నన్ను దాటిపోయాడు. హారన్ కొట్టాడు, చెయ్యి మాత్రం ఊపలేదు. ఏడింటికి ముందే చేరాను. కొత్త గడియారంలో చూశాను.

నీ చిన్న చక్రం ఇప్పుడు అమ్మ కుండ కింద ఉంది. పాతదానికంటే ఇదే మేలట, చీర కొంగు తట్టుకోవడం లేదట.

నీ బిడ్డ,
కౌసల్య

దమ్మాం,
14-7-1994

బిడ్డ కౌసల్యకు చిన్నాయన ఆశీర్వాదం.

నీ జాబు క్యాంపుల అందరి ముంగట సదివిచ్చిన. (నాలుగు మాట్ల. కిటికీ కిటికీకి ఆపిచ్చిండు.) ఒగడు అన్నడు, "బస్సు మిట్ట ఎక్కుతుంటే నడిసేటోడు కూడ దాటుతడు" అని. వాని మీదికి పోయిన. నాలుగు క్యాన్లు మోసుకుంట నడువు బిడ్డా అన్న.

నేను దసరాకు సెలవు మీద వస్తున్న. ఒక్క మాట అడగాలె. (గొంతు తగ్గిచ్చి చెప్తుండు.) వచ్చినంక ఒక్క ఆదివారం, ఒక్కటే, వదిన కుండ దించి నా చిన్న చక్రం ఇస్తదా? బిగిచ్చుకొని ముత్తంగి దాక పోయొస్త. సోమవారం పొద్దుగాల్ల నీ పాల టైముకు నీ చక్రం నీకు ఉంటది. నువ్వు సరే అంటేనే. వద్దంటే వద్దు.

నీ చిన్నాయన,
నర్సింహ

వెలిమెల,
3-8-1994

చిన్నాయనా,

దండాలు. ఆదివారం కూడా బర్లు పాలిస్తాయి.

అందుకని ఇట్ల చేద్దాం. పొద్దున పాలు పోసి నేను తొందరగా వస్తాను. వచ్చి చక్రం నేనే మారుస్తాను. నువ్వు విప్పితే నట్ల మూలలు అరుగుతాయని యాదన్న చెప్పాడు. అప్పటి నుంచి సాయంత్రం పాలు పితికే దాకా బండి నీది. అమ్మ కుండ దించుతానంది. కాకపోతే ఆ పూట ఇంట్లో ఎవరికి దాహమేసినా నీ పేరే చెబుతుందట.

ఇంకో ఇబ్బంది ఉండె, అదీ తీరింది. ఆదివారాలు పెద్దరాములుకు సెలవు. నువ్వు వస్తున్నావని చెప్పాను. "డ్యూటీ మార్చుకుంట. ఖాళీ బస్సు తెస్త, మీ చిన్నాయనను సూసుకోమను," అన్నాడు.

ఓదెలన్నకు దండాలు చెప్పు. గ్రీజు పెట్టలేదు.

చైను మాత్రం నీది నువ్వే తెచ్చుకో. నీ పాత చక్రం మీద నా కొత్త చైను ఎక్కనివ్వను.

నీ బిడ్డ,
కౌసల్య